దవడలో లేని గడ్డ

నలభై మూడేళ్ళ వయసులో, పెళ్ళయి పదేళ్ళ కూతురున్న మగవాడు పళ్ళకి క్లిప్పులు వేయించుకుంటే లోకం రెండే అనుకుంటుంది. వీడికి పిచ్చయినా పట్టి ఉండాలి, లేదా ఎవరో ఒకావిడైనా దొరికి ఉండాలి. బెంజ్ సర్కిల్ దగ్గర మా ఆఫీసులో రెండోదానికే ఓట్లు ఎక్కువ పడ్డాయి. "ఎవరండీ ఆవిడ, మాకూ చూపించకూడదూ?" అని మా సూపరింటెండెంట్ గారు నలుగురి ముందూ టీ తాగుతూ అడిగారు.

అసలు సంగతి వినే ఓపిక ఎవరికీ లేదు. నా కింది దవడ పైదానికంటే ముందుకొచ్చి ఉంటుంది. ముందు పళ్ళు ఒకదానికొకటి తగలవు. మిరపకాయ బజ్జీ కొరికితే శనగపిండి ఊడి నోట్లోకొస్తుంది, మిరపకాయ మాత్రం చెక్కుచెదరదు. నమిలినప్పుడల్లా చెవి పక్కన టక్కుమంటుంది, సాయంత్రానికి తలనొప్పి. ఎముక కోసి వెనక్కి జరిపి ప్లేట్లు బిగిస్తే తప్ప లాభం లేదని డాక్టరు తేల్చారు. దానికి ముందు ఏడాదిన్నర క్లిప్పులు. "ఆపరేషన్ దగ్గరపడేకొద్దీ గడ్డం ఇంకా ముందుకొచ్చినట్టు కనిపిస్తుందండీ, కంగారు పడకండి" అని ముందే చెప్పారు. చెప్పినట్టే అయింది. కోరి మరీ అనాకారి అయిన ఘనత మా వంశంలో నాదే.

ఆపరేషన్ తేదీ ఖాయమయ్యేసరికి మా అమ్మకి తల కొట్టేసినట్టయింది. గుణదలలో మా చర్చి స్త్రీల సమాజానికి ఆవిడ కార్యదర్శి. "మొహం బాగు చేయించుకుంటున్నాడని చెప్పమంటావా నలుగురికీ? నిన్ను నేను వంకరగా కన్నానా?" అని వారం రోజులు సాధించింది. ఆ తర్వాత ఉన్నట్టుండి ఊరుకుంది. అమ్మ ఊరుకుందంటే ఏదో చేసేసిందని అర్థం. ఇన్నేళ్ళొచ్చీ నాకది తట్టలేదు.

మా చర్చిలో ప్రార్థన విన్నపాలు చీటీ మీద రాసిస్తే ఆదివారం ఆరాధనలో పాస్టరు గారు పైకి చదువుతారు. ఒకరి అమ్మాయికి వీసా, ఇంకొకరికి మోకాళ్ళు, ఇలా సాగుతుంది. ఆ ఆదివారం వీసాకీ మోకాళ్ళకీ మధ్యన నా పేరు వినిపించింది. "వీరి దవడలో ఉన్న గడ్డ నిమిత్తమూ, వచ్చే నెల జరగబోయే పెద్ద ఆపరేషన్ నిమిత్తమూ..." నేను తిరిగి అమ్మ వైపు చూశాను. అమ్మ అప్పటికే కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉంది. నాకూ నా భార్యకీ మధ్య కూర్చున్న పాప మాత్రం నా మొహంలోకి చూస్తోంది. నేను పట్టించుకోలేదు.

బయటికొచ్చాక కాదని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. కానీ దాచడమెందుకు, ఆ గడ్డ నాకు బాగా కలిసొచ్చింది. సోమవారానికల్లా కబురు ఆఫీసుకి చేరింది. ఆవిడెవరని అడిగిన సూపరింటెండెంట్ గారే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని "ధైర్యంగా ఉండండి, మేమంతా లేమూ" అన్నారు. నెలన్నర సెలవు కిక్కురుమనకుండా మంజూరైంది. చుట్టాలు కొండపల్లి నుంచి బస్సెక్కి వచ్చి, నేను జన్మలో కొరకలేని యాపిల్ పళ్ళు ఇచ్చి కళ్ళొత్తుకుని వెళ్ళారు. సరిగ్గా నమలలేను మొర్రో అంటే నవ్వినవాళ్ళే గడ్డ అనేసరికి చేతులు కట్టుకున్నారు. "ఇదేం బాగాలేదు, ఇంట్లో పిల్ల ఉంది" అంది నా భార్య. దానికేం తెలుస్తుందిలే అన్నాను.

ఆ రెండు వారాల్లో పాప బంగారుతల్లి అయిపోయింది. రిమోట్ కోసం పేచీ మానేసింది. పిలవకుండానే పాలు తాగేది. ఆపరేషనయ్యాక నేను ఆరు వారాలు అన్నీ జావలాగా తాగాలని విని, తనే పప్పన్నం మిక్సీ పట్టించి రుచి చూసి, "ఉప్పు ఎక్కువేస్తే పర్వాలేదు నాన్నా" అంది. పిల్లకి బాధ్యత తెలిసొచ్చిందని కనబడ్డవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకున్నాను.

ఒక సాయంత్రం బ్యాగు సర్దుకుంటూ అడిగింది: "నాన్నా, నీ ఫోన్ లాక్ అమ్మకి తెలుసా?"

"ఎందుకమ్మా?"

"మా క్లాసులో ఒకమ్మాయి వాళ్ళ నాన్న చనిపోతే ఫోన్ ఎవరికీ ఓపెన్ అవలేదంట. ఫొటోలన్నీ అందులోనే ఉండిపోయినయ్యంట."

గడ్డా లేదు, ఏమీ లేదు, అంతా అబద్ధమన్నాను. "అమ్మ కూడా అట్లాగే చెప్పింది. మరి పాస్టరు గారు చదివారుగా" అంది. చర్చిలో చదివినదాన్ని చర్చిలోనే కొట్టెయ్యాలని అప్పుడు అర్థమైంది.

ఆ ఆదివారం సాక్ష్యాలు చెప్పే సమయంలో, అంటే దేవుడు చేసిన మేలుని ఎవరైనా లేచి చెప్పుకునే సమయంలో, లేచి నిలబడ్డాను. అమ్మ వెనక నుంచి చొక్కా పట్టుకు లాగింది.

"నా దవడలో ఏ గడ్డా లేదండీ" అన్నాను.

రెండో మాటకి సందు దొరకలేదు. "స్తోత్రం!" అని ముందు వరసలోంచి ఒకాయన కేకేశారు. చప్పట్లు మొదలయ్యాయి, కీబోర్డు అందుకుంది, దాని వెనకే డ్రమ్ములు. "మొదటినుంచీ లేదండీ!" అని అరిచాను. ఎవరు వింటారు? మోకాళ్ళావిడ లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టింది. అందరికంటే గట్టిగా స్తోత్రం చెప్పింది మా అమ్మ. ఒక్క చీటీతో ఆవిడకి కొడుకు పరువూ దక్కింది, అద్భుతమూ దక్కింది.

ఇంటికొచ్చి పాపని అద్దం ముందు నిలబెట్టాను. నోరు మూసి, పెదవులు లాగి, పళ్ళు ఎక్కడ తగలట్లేదో వేలు పెట్టి చూపించాను. ఎక్స్‌రే కిటికీకి ఆనించి, ఎముక ఎక్కడ కోస్తారో, ఎంత వెనక్కి జరుపుతారో చెప్పాను. చాలాసేపు చూసింది. ఈసారి నమ్మింది.

"నానమ్మ రాసింది అబద్ధమని నీకు ఆ రోజే తెలుసుగా?" అంది.

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"అందరూ నవ్వుతారని" అన్నాను.

"నవ్వితే నవ్వేవాళ్ళు నాన్నా. నేను రోజూ ఏడ్చాను."