మూడు చుక్కల వాచీ

నాన్న పోయాక ఆయన చేతి వాచీ నాకు వచ్చింది. కీ ఇచ్చే పాత రకం. డయల్ మీద కంపెనీ పేరు చెరిగిపోయింది.

నాన్న పోర్టులో క్రేన్ ఆపరేటర్. పెళ్లికి మామగారు, అంటే మా తాతయ్య, పెట్టిన వాచీ చూసి ఒక రష్యన్ ఓడ కెప్టెన్ ముచ్చటపడ్డాడనీ, అది తీసుకుని బదులుగా దీన్ని ఇచ్చాడనీ చెప్పేవారు. చిన్నప్పుడు నమ్మి బళ్లో గొప్పలు పోయాను. పెద్దయ్యాక ఆ ప్రస్తావనే మానేశాను. నాన్న మరే విషయంలోనూ అబద్ధమాడగా నేను చూడలేదు. ఈ ఒక్కటీ నిజమో కాదో తేల్చుకోవాలనిపించింది.

అప్పటికే అందరూ సెల్‌ఫోన్లో టైం చూసుకుంటున్నారు. పోర్టు పక్కనున్న పాతపట్నంలో వాచీలు బాగుచేసే కొట్టు ఒక్కటే మిగిలింది. మేస్త్రి కంటికి భూతద్దం బిగించి వెనక మూత తీశాడు.

"ఎవులిది బావూ?"

"మా నాన్నగారిది. ఎక్కడిదో తెలుస్తుందా?"

"రష్యాదే. మిషను మీద అచ్చరాలు సూడు, ఇంగ్లీసు కాదు."

ఊపిరి పీల్చుకున్నాను. అంతలో అతను మూతను లైటు కిందకు తిప్పి నవ్వాడు.

"ఓర్నీ! ఇది మా కొట్టు సరుకే."

మూత లోపల సూదితో గీసిన సంవత్సరం, పక్కన మూడు చుక్కలు.

"రిపేరుకొచ్చిన వాచీకి మా అయ్య రెండు సుక్కలెట్టీవోడు. అమ్మినదానికి మూడు. ఓడల్లో వొచ్చినోలు ఇలాటివి మాకిచ్చి తోలు సెప్పులట్టుకెలిపోయీవోరు."

"కెప్టెన్ ఇచ్చాడని చెప్పేవారు."

"కెప్టెనా? మీ అయ్య మాటకారే!"

నాన్న మాటకారి కాదు. మూతలో గీసి ఉన్నది అమ్మానాన్నల పెళ్లయిన సంవత్సరమే.

ఇంటికొచ్చి వాచీ బల్ల మీద పెట్టాను. అమ్మే అడిగింది. చెప్పాను. బాధపడుతుందనుకుంటే, నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూర్చుంది.

"కెప్టెన్‌ని పుట్టించింది నేనేరా. పెళ్లయిన ఆర్నెల్లకే తాతయ్య పెట్టిన వాచీ జెట్టీ దగ్గర నీళ్లలో పడేసుకున్నారు మీ నాన్న. అల్లుడికి పెట్టిన వాచీ పోయిందంటే అశుభమని మా నాన్న కుమిలిపోతాడు. అందుకని ఇది కొన్నాక, కెప్టెన్‌తో మార్చుకున్నానని చెప్పమన్నాను. ఆయనకి నోరు పెగిలితేగా! చెమటలు కక్కుతూ చెప్పారు."

"తాతయ్య నమ్మాడా?"

"నమ్మడమా! తన వాచీ రష్యా వెళ్లిందని వాళ్లూళ్లో గోదారి రేవులో కనబడ్డవాళ్లకల్లా చెప్పాడు. ఇంక కాదని ఎలా అంటాం?"

"మరి నాకైనా చెప్పొచ్చుగా."

"నువ్వెళ్లి తాతయ్య దగ్గర వాగేస్తే? ఆయన పోయేసరికి మీ నాన్నకి అదే అలవాటైపోయింది."

వాచీకి కీ ఇచ్చి చెవి దగ్గర పెట్టుకున్నాను. ఆడుతోంది. దీని సంగతి తెలిసింది. ఇప్పుడు జెట్టీ దగ్గర నీళ్ల అడుగున ఉన్నదాని మీదికి పోయింది ధ్యాస.

"నీళ్లలో పడింది ఏ కంపెనీదమ్మా?"

అమ్మ నా చేతిలోని వాచీ అందుకుని తిప్పి చూసింది.

"నల్ల బెల్టు ఉండేది. పేరు గుర్తు రావట్లేదురా. మీ నాన్నని అడగాలి."