భోంచేసి పడవెక్కండి

నాగమల్లేశ్వరి గారు ఎవరు కనబడినా ముందు అడిగే మాట, "భోంచేశారా?" అని. అందరూ అడుగుతారు కదా అంటారేమో. అందరూ మర్యాదకి అడుగుతారు, ఆవిడ జవాబు కోసం అడుగుతారు. రాంగ్ నంబరు ఫోనొస్తే, "కాదండీ, ఇది సత్యనారాయణపురం. ఇంతకీ భోంచేశారా?" అని కనుక్కునే మనిషి. కరెంటు మీటరు చూసేవాడు మా వీధికి మధ్యాహ్నం పూటే వచ్చేవాడు, అదీ ఆవిడ ఇల్లు ఆఖరున తగిలేలా.

ఆవిడ తెలుగు టీచరుగా రిటైరయ్యారు. రెండువేల మూడు ప్రాంతంలో నేను అదే వీధిలో నెట్ సెంటరు నడుపుతూ, అడిగినవాళ్ళకి వెబ్‌సైట్లు చేసిపెడుతుండేవాణ్ణి. ఒక ఉదయం వచ్చి, నా టిఫిను అయిందని రూఢి చేసుకుని, "మణీ, నాకో పత్రిక కావాలయ్యా. కాగితం మీద కాదు, నీ తెర మీద" అన్నారు.

"ఎలాంటిదండీ పిన్నిగారూ?"

"బందరు కాలవలో పడవ. మౌసు నొక్కితే కదలాలి. బెజవాడలో బయల్దేరి, ఉయ్యూరులో ఆగి, మెల్లగా బందరు దాకా పోవాలి. ప్రతి రేవులో ఒక కథ. నీళ్ళ చప్పుడు వినపడుతుండాలి. రెండువైపులా వరిచేలు వెనక్కి జరుగుతుండాలి."

చెబుతూ కళ్ళు మూసుకున్నారు. నా కుర్చీ కూడా కొంచెం ఊగినట్టనిపించింది.

"ఉయ్యూరు దగ్గర చెరుకుపాకం వాసన రావాలి."

"వాసన పెట్టలేమండీ."

"అయితే అక్కడ నీళ్ళ చప్పుడు పెంచు."

పత్రిక తయారు చేయడంతో పని అయిపోదని, దాన్ని నెట్‌లో నిలబెట్టాలని చెప్పాను. "పేరు రిజిస్టరు చేయించాలి. సర్వర్లో చోటు అద్దెకు తీసుకోవాలి. అది సింగపూర్లో ఉంటుంది."

"ఇంటివాళ్ళు మంచివాళ్ళేనా?"

"మనుషులుండరండీ. అన్నీ మిషన్లే."

"అయ్యో, ఒక్కరూ ఉండరా" అని కాసేపు దిగులుపడ్డారు.

ఆ అద్దె భరించడానికి ఊళ్ళో ఒక సాహితీ సమితి ఒప్పుకుంది. దాని కార్యదర్శి వెంకటసుబ్బారావు గారు. ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా, ఎప్పుడూ చిరాకు.

బొమ్మలు ఆవిడే గీశారు. నేను వాటిని స్కాన్ చేసి, ఫ్లాష్ అనే బొమ్మలాడించే సాఫ్ట్‌వేర్లో కదిలించేవాణ్ణి. తెలుగు అక్షరాలు నా కంప్యూటర్లో ముత్యాల్లా ఉండి, పక్కదాంట్లో డబ్బాలైపోయేవి. చివరికి అక్షరాల్నీ బొమ్మలుగానే మార్చి పెట్టాం. నెలలు పట్టింది. పడవ మొదటిసారి కదిలిన పూట సెంటర్లో ఉన్నవాళ్ళంతా పనులు ఆపి మా వెనక నిలబడ్డారు. పడవ కాలవ మలుపు తిరిగితే అందరి తలలూ అటే తిరిగాయి. సీలింగు ఫ్యాను గాలి కూడా నీళ్ళ మీంచి వస్తున్నట్టే ఉంది.

అంతా అయ్యాక ఆవిడ, "మొదటి పేజీలో 'భోంచేశారా?' అని పెట్టు" అన్నారు. కింద రెండు మీటలు. 'అయింది' నొక్కితే పడవ కదులుతుంది, 'లేదు' నొక్కితే కదలదు.

"చదివేవాళ్ళు లేచిపోతారండీ."

"లేచి తినొస్తారు."

'లేదు' నొక్కినవాళ్ళ కోసం 'ఏం, ఎందుకని?' అని ఒక ఖాళీ పెట్టె కూడా పెట్టించారు. అందులో ఏం రాసినా, రాసినవాళ్ళ మెయిలు అడ్రసుతో సహా ఆవిడ మెయిలుకి చేరుతుంది. ఆవిడ చాదస్తాల్లో ఇదొకటి అనుకున్నాను.

పత్రిక నెట్‌లోకి వెళ్ళిన వారంలోనే వెంకటసుబ్బారావు గారు ఫోన్ చేశారు.

"ఏమయ్యా, పడవ కదలట్లేదు."

"ఏం నొక్కారండీ?"

"ఉన్నమాటే నొక్కాను. లేదని."

"అయిందని నొక్కి చూడండి."

"అబద్ధం ఆడమంటావా? ఇది పత్రికా, మెస్సా? ఆ ప్రశ్న తీసెయ్యండి. లేకపోతే సర్వరు అద్దె మేం కట్టం."

ఆ మాట ఆవిడకి చేరవేశాను. "ఖాళీ కడుపుతో ఉన్నవాళ్ళని నేను పడవెక్కించను. మూతపడితే పడనీ" అన్నారు. నాకు ప్రాణం ఉసూరుమంది.

తర్వాత సమితి నుంచి ఉలుకూ పలుకూ లేదు. అద్దె గడువు దగ్గరపడింది. ఆఖరిసారి బతిమాలదామని ఒక మధ్యాహ్నం ఆవిడింటికి వెళ్ళాను. వసారాలో అరిటాకులు పరిచి ఉన్నాయి. ఒకమ్మాయి పప్పు వడ్డిస్తోంది. బందరు నుంచి వచ్చి ఇక్కడ గదిలో ఉంటూ కంప్యూటరు కోర్సు చదివే అఫ్సా. మా సెంటరుకీ వస్తుంటుంది.

"నువ్విక్కడేంటమ్మా?"

"ఒక్కదాన్నే వండుకోబుద్ధి కావట్లేదని ఆ పెట్టెలో రాశానండీ. అమ్మగారు అడ్రసడిగి, మర్నాడే గదికొచ్చి తీసుకొచ్చేశారు. నాలాంటోళ్ళు ఇంకా ఉన్నారండీ. దూరం ఊళ్ళవాళ్ళకైతే రోజూ మెయిలు రాస్తారు, తిన్నారా లేదా అని."

అప్పుడు మూల ఆకు ముందున్న పెద్దమనిషి తలెత్తారు. వెంకటసుబ్బారావు గారు. ఇస్త్రీ చొక్కా ఉంది, చిరాకు లేదు.

"మా ఆవిడ పోయిన దగ్గర్నుంచీ ఒక్కపూటే తింటున్నానయ్యా" అన్నారు, పప్పులో నెయ్యి కలుపుకుంటూ. "కోపంలో ఆ పెట్టెలో అదే రాసిపడేశాను. ఈవిడ క్యారేజీ పట్టుకుని సమితి ఆఫీసుకే వచ్చేశారు."

"మరి సర్వరు అద్దె అండీ?"

"కట్టించేశాను."

"ఆ ప్రశ్న తీసెయ్యమన్నారు కదండీ?"

ఆయన ఒకసారి నాగమల్లేశ్వరి గారి వంక చూశారు, ఒకసారి పెరుగు గిన్నె వంక చూశారు.

"తియ్యొద్దు. అక్షరాలు ఇంకాస్త పెద్దవి చెయ్యి. జనం సరిగ్గా చదవకుండా అయిందని నొక్కేస్తున్నారు."