పేరు చెప్పకూడని ఆకు

తమ్ముడు మా బావ కాలరు పట్టుకుని, తలను ఆసుపత్రి మెట్ల పక్క గోడకేసి కొట్టాడు. నుదురు చిట్లింది. మళ్ళీ కొట్టబోతుంటే నేను అడ్డుపడ్డాను. వాడి మోచెయ్యి నా దవడకు తగిలి నోరంతా ఉప్పగా అయింది. అంత కోపంలోనూ వాడు మన్నన మానలేదు.

"చెప్పండి బావగారూ. ఏం ఆకది?"

బావ కంట్లోకి కారుతున్న రక్తం తుడుచుకున్నాడు. "చంపెయ్ రా. చెప్పను."

లోపల మంచం మీద మా అక్క ఉంది. రొమ్ము క్యాన్సర్‌కి రాజమండ్రిలో కీమో చేయిస్తున్నాం. గడ్డ తగ్గుతోందని డాక్టరమ్మ సంతోషించిన కొన్నాళ్ళకే అక్క కళ్ళు పచ్చబడ్డాయి. కాలేయం దెబ్బతిందన్నారు. వేరే మందేమైనా వాడుతున్నారా అని డాక్టరమ్మ ఎన్నిసార్లు అడిగినా మొగుడూ పెళ్ళాం లేదనే చెప్పారు. ఆ రోజు ఉదయం అక్క ఒప్పుకుంది. రోజూ పరగడుపున పసరు తాగుతోందట. అది ఏ ఆకు పసరో తెలియాలన్నారు డాక్టరమ్మ.

నిడదవోలు అవతల ఒక ఊళ్ళో ఇచ్చే మందు అది. ఒకప్పుడు బావ తల్లికి కామెర్లు తగ్గింది దానితోనేనట. కీమో వేడి చేస్తుంది, పసరు చలవ చేస్తుందని బావ నమ్మాడు. మందిచ్చినాయన కాలవగట్టు మీద మొక్కను చూపించి, దాని పేరు పైకి అంటే గుణం పోతుందని ఒట్టు వేయించుకున్నాడు. ఆకు కోసుకొచ్చి బావే కల్వంలో నూరేవాడు. అక్క కక్కేస్తే విషం బయటికి పోతోందనేవాడు. ముక్కు మూసి, దవడ నొక్కి మళ్ళీ పోసేవాడు. ఆమె బుగ్గల మీద ఆ వేళ్ళ గుర్తులు నేను చూశాను. కీమో వల్ల కమిలిందనుకున్నాను.

గొడవ విని అక్క గోడ పట్టుకుంటూ గుమ్మందాకా వచ్చింది. బావ వైపే చూసింది.

"పోవడానికి ఇంకా దాని గుణం ఏం మిగిలిందండీ? చెప్పండి."

బావ మెట్ల మీద కూలబడి చెప్పాడు. చెప్పాక తన తల తనే గోడకేసి కొట్టుకోబోతే, ఈసారి పట్టి ఆపింది తమ్ముడే. ఆ సాయంత్రమే వాడు రామచంద్రపురం దగ్గరున్న అక్కావాళ్ళింటికి వెళ్ళి, గునపంతో కల్వాన్ని ముక్కలు చేశాడు. రాతి పెచ్చు ఎగిరి వాడి నుదురు చీల్చింది. ఇప్పుడు ఇద్దరి నుదుటి మీదా కుట్లున్నాయి. మాటలు లేవు.

కాలేయాన్ని పాడుచేసింది ఆ ఆకో, కీమో మందో, రెండూ కలిసో తేల్చి చెప్పలేనన్నారు డాక్టరమ్మ. పసరు మానేశాక పచ్చదనం కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. అది పోయేదాకా కీమో మొదలుపెట్టరు. నిన్న స్నానం చేస్తుంటే గడ్డ మళ్ళీ చేతికి తగిలిందని అక్క చెప్పింది.