పోలేరయ్య సీడీ

కోట ఊరి బస్టాండు దగ్గర ఆన్‌లైన్ సెంటర్ నడిపే షేక్ షఫీక్‌ను ఎరగనివాళ్ళు ఆ మండలంలో తక్కువ. ఇరవై మూడేళ్ళ కిందట నెల్లూరులో ఆరునెలల కోర్సు చేసి వచ్చి, ఊళ్ళో మొట్టమొదటి కంప్యూటరు పెట్టినవాడు అతనే. శుభలేఖల నుంచి ఆధార్ మార్పుల దాకా అన్నీ అక్కడే. ఊరంతా కంప్యూటర్ షఫీక్ అనే పిలుస్తారు.

ఆ పేరు నిలుపుకోవాలనే తాపత్రయంలో, తెలియనిదాన్ని తెలియదని చెప్పడం అతను ఎప్పుడో మానేశాడు. సర్వర్ డౌన్ అంటాడు. వైరస్ పట్టింది అంటాడు. లేదంటే ఫైలు కరప్ట్ అయింది అంటాడు. ఈ మాటల్లో ఏది విన్నా ఎదుటివాళ్ళు తల ఊపి వెళ్ళిపోయేవాళ్ళు.

పోయిన ఏడాది ఆగస్టులో, సముద్రం ఒడ్డు పాలెం నుంచి పోలేరయ్య, అతని భార్య వనజాక్షి సెంటరుకు వచ్చారు. పోలేరయ్య పడవ మీద వేటకు వెళ్ళేవాడు. నలభై నాలుగేళ్ళుంటాయి. వల లాగుతుంటే నడుము పట్టేసి, ఆ నొప్పి ఎడమ కాల్లోకి దిగింది. నెల్లూరులో స్కానింగ్ తీయిస్తే వాళ్ళు చేతికి ఒక సీడీ ఇచ్చారు.

"చెన్నైలో పెద్ద డాక్టర్ ఉండాడంట అన్నా. ముందు ఈ సీడీలో బొమ్మలు మెయిల్లో పంపిస్తే, చూసి రమ్మనాలో వద్దో చెప్తాం అన్నారు" అంది వనజాక్షి.

షఫీక్ సీడీ పెట్టి చూశాడు. బొమ్మల్లేవు. వరసగా రెండొందల ఫైళ్ళు, ప్రతి పేరు చివరా చుక్క పెట్టి డీసీఎం అని మూడు అక్షరాలు. డీసీఎం అంటే అతనికి తెలిసింది రొయ్యలు ఎత్తుకుపోయే వ్యాను. ఒక ఫైలు మీద నొక్కితే, దీన్ని దేంతో తెరవమంటావని కంప్యూటరు తిరిగి అతన్నే అడిగింది. చివరి అక్షరాలు మార్చి ఫొటో ఫైలు పేరు పెట్టి చూశాడు. అయినా తెరుచుకోలేదు. వెనక బల్ల మీద నలుగురు కూర్చుని చూస్తున్నారు.

"సీడీ పాడైంది పోలేరయ్యా. వాళ్ళు సరిగ్గా రాయలేదు. పోయి ఇంకోటి అడుగు" అన్నాడు.

ఆ మొగుడూ పెళ్ళాలు మర్నాడు బస్సెక్కి నెల్లూరు వెళ్ళారు. స్కానింగ్ సెంటర్ కౌంటర్లో జయశీల అనే అమ్మాయి సీడీని తన కంప్యూటర్లో పెట్టి, బొమ్మలు తెరిచి చూపించింది. సీడీ బాగానే ఉందని చెప్పింది. పోలేరయ్య వినలేదు. "మా కోటలో షఫీకన్న కంటే నీకెక్కువ తెలుసా? లేనోళ్ళమని చెప్పి ఏదో ఒకటి అంటగట్టి పంపిస్తారా?" అని పదిమందిలో కేకలేశాడు. ఆ అమ్మాయి తల వంచుకుని ఇంకో సీడీ రాసిచ్చింది.

షఫీక్ రెండో సీడీ పెట్టి చూశాడు. మళ్ళీ అవే మూడు అక్షరాలు.

"ఆ పాప కంప్యూటర్లో బాగా కనపడినాయి అన్నా. ఈయనే ఆమె మీద కేకలేసినాడు" అంది వనజాక్షి నెమ్మదిగా.

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. మొదటిసారి అన్న మాట అడ్డం వచ్చింది. "వాళ్ళ సిస్టంలో కనపడతాయిలే అమ్మా. బయట తెరుచుకోవు. ఇదీ అట్టాంటిదే" అన్నాడు.

పోలేరయ్యకు విసుగొచ్చింది. చెన్నై సంగతి వదిలేసి, ఎవరో చెబితే తైలం మర్దనా చేసే నాటువైద్యుడి దగ్గరకు తిరగడం మొదలుపెట్టాడు.

అయిదు వారాలు గడిచాయి. ఒక శుక్రవారం నమాజు నుంచి వచ్చి, షఫీక్ కంప్యూటర్లో పనికిరానివి తీసేస్తున్నాడు. తను ఆరోజు కాపీ చేసిపెట్టుకున్న పోలేరయ్య ఫోల్డరు కనిపించింది. చెరిపేయబోయి ఆగాడు. సెంటర్లో ఎవరూ లేరు. ఆ మూడు అక్షరాలు నెట్‌లో కొట్టాడు.

జవాబు మొదటి వరసలోనే ఉంది. ఆస్పత్రి స్కానింగ్ బొమ్మలు దాచే ఫైలు అది. చూడటానికి వేరే సాఫ్ట్‌వేర్ కావాలి. అదీ ఉచితమే. దించుకుని తెరవడానికి పది నిమిషాలు పట్టలేదు. నల్లటి తెర మీద తెల్లగా వెన్నుపూస కనిపించింది. మూలన పోలేరయ్య పేరు, వయసు. మౌస్ చక్రం తిప్పితే ఒకదాని వెనక ఒకటి బొమ్మలు కదిలాయి.

షఫీక్ సగం షట్టరు దించి కూర్చున్నాడు. తెలియకపోవడం తప్పు కాదు. కానీ ఆ పది నిమిషాల పని ఆ రోజే ఎందుకు చేయలేదు? వాళ్ళ ముందు వెతికితే తనకు తెలియదని తేలిపోతుందని. అంతే. అంతకు మించి కారణం ఎంత వెతికినా దొరకలేదు. తను ఎన్నడూ చూడని ఆ కౌంటర్ అమ్మాయి తలపుకొచ్చేసరికి, ఒంటరిగా ఉండి కూడా ముఖం ఎత్తలేకపోయాడు.

సాయంత్రం బండి మీద పాలెం వెళ్ళాడు. పోలేరయ్య పంచలో చాప మీద పడుకుని ఉన్నాడు. లేచి నాలుగడుగులు వేస్తే ఎడమ పాదం నేలకు రాసుకుంటోంది.

"సీడీ బాగానే ఉండింది పోలేరయ్యా. రెండూ బాగానే ఉన్నాయి. తెరవడం నాకే తెలీలేదు. తెలీదని చెప్పడానికి నామోషీ పడి, వాళ్ళ మీదకు తోసేసినా."

వనజాక్షి చేతిలోని చేట కింద పెట్టింది.

"తెలీదంటే మేం ఇంకో చోటికి పొయ్యుండేవాళ్ళం కదన్నా" అంది.

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. షఫీక్ ఇసకలో తన చెప్పుల వంక చూస్తూ నిలబడ్డాడు. ఆ రాత్రికే ఫైళ్ళన్నీ చెన్నైకి పంపాడు. వెంటనే తీసుకురమ్మని పొద్దున్నే కబురొచ్చింది. ఆపరేషన్ జరిగింది, నొప్పి పోయింది. పాదానికి మాత్రం బలం పూర్తిగా రాలేదు. ముందే తీసుకొచ్చుంటే బలం వచ్చేదా అని వనజాక్షి డాక్టరును అడిగిందట. చెప్పలేమమ్మా అన్నాడట. ఆ చెప్పలేమనే మాట షఫీక్‌ను ఎటూ తేలనివ్వలేదు.

తర్వాతి వారం నెల్లూరు వెళ్ళాడు. జయశీల కౌంటర్లో లేదు. లోపల ఫైళ్ళ గదిలో ఉంది. సంగతంతా విని, "ఆ గొడవ తర్వాత మా మేడం నన్ను ఇక్కడేసినారు సార్. మీరు నాకు చెప్తే ఏం లాభం? ఆమెకు చెప్పండి" అంది.

మేనేజరు టేబులు ముందు పేషెంట్లు వరసగా నిలబడి ఉన్నారు. షఫీక్ వాళ్ళ వెనక నిలబడి, తన వంతు రాగానే అందరూ వింటుండగా చెప్పాడు. ఆమె విని, సరేనండి అని, వెనకవాళ్ళను రమ్మంది. జయశీలను మళ్ళీ కౌంటర్లోకి తీసుకున్నారో లేదో అతనికి తెలియదు. కనుక్కోవడానికి మొహం చెల్లలేదు.

సంక్రాంతి దాటాక పోలేరయ్య కర్ర పట్టుకుని సెంటరుకు వచ్చాడు. వేట మానేశాడు. ఇప్పుడు ఒడ్డున కూర్చుని వలలు బాగుచేస్తున్నాడు. వికలాంగుల సర్టిఫికెట్టుకు దరఖాస్తు పెట్టాలన్నాడు.

"పక్కవీధిలో కొత్త సెంటర్ ఉండాది కదా. అక్కడ తొందరగా అవుతుంది" అన్నాడు షఫీక్, తల తిప్పుకుని.

"నా కాయితాలన్నీ నీ దగ్గరే కదన్నా ఉండేది" అంటూ పోలేరయ్య బల్ల మీద కూర్చుని, కర్ర గోడకు ఆనించాడు.

షఫీక్ దరఖాస్తు తెరిచాడు. పేరు రాశాడు. తండ్రి పేరు రాశాడు. ఏ అవయవం అని అడిగిన చోట ఎడమ పాదం అని రాశాడు. ఎప్పటి నుంచి అని అడిగిన గడి దగ్గర అతని వేళ్ళు చాలాసేపు ఆగిపోయాయి.

"ఏందన్నా, సర్వర్ డౌనా?" అని అడిగాడు పోలేరయ్య.

"లేదు, పని చేస్తానే ఉండాది" అని, షఫీక్ తను సీడీ పాడైందని చెప్పిన నెల పేరు కొట్టాడు.