ఎదురుగాలిలో చెప్పిన మాట

2024 నవంబరు 10, ఆదివారం, ఉదయం 5 గంటల 12 నిమిషాలు. హైటెక్ సిటీలోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ ఆవరణలో రవికిరణ్ జాబితాలో తన పేరు వెతుక్కున్నాడు. పురుషుల మానసిక ఆరోగ్యం కోసం ఆ సంస్థ ఉద్యోగులు తలపెట్టిన రెండువందల కిలోమీటర్ల సైకిల్ యాత్ర అది. నలభై ఆరు పేర్లు, ఇరవై మూడు జోడీలు. తన జోడీ ఓంకార్ పేరు పక్కన తన పేరు లేదు, అనిల్ పేరుంది.

రవికిరణ్‌కు నలభై ఒకటి. కాకినాడ నుంచి వచ్చి పదహారేళ్లుగా ఇక్కడే టెస్టింగ్ విభాగంలో ఉద్యోగం, కొత్తగూడలో కాపురం. మార్చిలో డాక్టరు డిప్రెషన్ అని తేల్చి రోజుకో మాత్ర రాశారు. "ఇంకొకటి. ఒక్క మనిషికైనా చెప్పండి," అన్నారు. భార్య సంయుక్త దృష్టిలో అవి విటమిన్ మాత్రలు.

చెప్పడానికి అతనికి ఆరు నెలలు పట్టింది. సెప్టెంబరు 15న, మూడువందల కిలోమీటర్ల సవారీలో, సదాశివపేట దాటాక. జోడీగా తొక్కేవారు వంతులవారీగా ఐదేసి నిమిషాలు ముందుండి గాలికి అడ్డుంటారు. వెనకవాడికి నాలుగో వంతు దాకా శ్రమ తగ్గుతుంది. అప్పుడు ముందున్నది రవికిరణ్. కళ్లెదుట మరో ముఖం లేదు. ఎదురుగాలి ముందువాడి మాటను వెనక్కు చేరవేస్తుంది కాబట్టి గొంతు పెంచే పనీ లేకపోయింది. వంతు ముగిసినా పక్కకు తప్పుకోలేదు. పదకొండు నిమిషాలు ముందునే ఉండి, వెనకున్న ఓంకార్‌కు మొత్తం చెప్పాడు.

"నా దగ్గర్నే ఉంటది అన్నా. జర కూడ ఫికర్ జెయ్యకు," అన్నాడు ఓంకార్. చందానగర్ వాడు, ఏడేళ్లు చిన్న, అదే విభాగం.

ఆ వారం నుంచి రవికిరణ్ కంప్యూటర్లో ఒక పట్టిక నడిపాడు: నిద్ర గంటలు, నాడి, తొక్కిన దూరం, మనసుకు పదికి ఎన్ని మార్కులు. దాన్ని ఓంకార్ ఒక్కడికే తెరిచి ఉంచాడు. ప్రతి ఆదివారం ఓంకార్ చూసి, "సూపర్ అన్నా" అని సందేశం పెట్టేవాడు.

ఇప్పుడు జాబితా ముందున్న రవికిరణ్ దగ్గరకు యాత్ర నిర్వాహకురాలు ప్రియదర్శిని వచ్చింది.

"రవికిరణ్ గారూ, మీ హెల్త్ సంగతి తెలిసింది. రిస్క్ వద్దనుకున్నాం. మీరు వాటర్ పాయింట్ చూసుకుంటారా, ప్లీజ్?"

ఆమె చేతిలోని కాగితంపై ఆ పట్టికలోని అక్టోబరు 6 నాటి వరుస అచ్చై ఉంది. 'పదికి రెండు. మాత్ర మరిచాను.' అతను రాసిన మాటలే.

ఓంకార్ హెల్మెట్ పట్టీ బిగిస్తున్నాడు.

"ఏందన్నా, గట్ల చూస్తవ్? నీ మంచికే చెప్పిన. రోడ్డు మీద ఏమన్న అయితే?"

"మూడువందల్లో ఏమీ కాలేదుగా."

"కాలే. పద్నాలుగు గంటలు మాత్రం అయింది."

పక్కనున్న అనిల్ నవ్వాపుకున్నాడు. జోడీలో రెండోవాడు గీత దాటినప్పుడే సమయం లెక్క. అంతే దూరాన్ని అనిల్ పదకొండున్నర గంటల్లో ముగించేవాడు.

"సరే. నోటితో చెబితే చాలదా? నేను రాసుకున్నది ఎందుకిచ్చావు, ఓంకార్?"

"వాళ్లు నమ్మాలె గద అన్నా."

'మాట్లాడండి, మేం వింటాం' అన్న బ్యానరు ముందు అందరూ ఫొటో దిగారు. సరిగ్గా ఐదున్నరకు ఈల మోగింది. నలభై ఆరు సైకిళ్లూ గేటు దాటేదాకా రవికిరణ్ నిలబడి చూశాడు. తనకు అప్పగించిన నీళ్ల సీసాల పెట్టెలు అక్కడే వదిలి ఇంటిదారి పట్టాడు.

5 గంటల 56 నిమిషాలకు సంయుక్త తలుపు తీసింది.

"అప్పుడే వచ్చేశారేంటండీ?"

"పంక్చరైంది."

ఆమె వంగి రెండు టైర్లనూ బొటనవేలితో నొక్కి చూసింది.

"గాలి బాగానే ఉందే. ఏమైనా జరిగిందా?"

"ఏమీ లేదు."

ఆమె కాఫీ పెట్టడానికి వంటగదిలోకి వెళ్లింది.

రవికిరణ్ పట్టిక తెరిచాడు. నిద్ర ఐదున్నర గంటలు, నాడి 88, దూరం ఎనిమిది కిలోమీటర్లు. మార్కుల గడి ఖాళీగా వదిలేశాడు. తర్వాత అనుమతుల పేజీకి వెళ్లి ఓంకార్ పేరు తీసేశాడు. ఈ పట్టికను చూడగలవారి సంఖ్య తెర మీద మారింది.

1.