మా వీధి ట్యాంకు ఎవరిది?

సంగనకల్లులో మా వీధికి నీళ్ల ట్యాంకు కట్టారు. సగం డబ్బు కేంద్రానిది, సగం రాష్ట్రానిది. అందుకని నిన్న రెండు పార్టీల వాళ్లూ విడివిడిగా రిబ్బన్లు కత్తిరించి, ట్యాంకు తమదేనంటూ ఎవరి బోర్డు వాళ్లు తగిలించుకున్నారు.

ఈ పొద్దున పైపు పగిలింది. కొళాయిలో చుక్క నీళ్లు లేవు. బిందె చంకన పెట్టుకుని ఇద్దరు నాయకులనూ నిలదీశాను.

"ట్యాంకు మాదే అవ్వా, పైపు మాత్రం రాష్ట్రం వాళ్లది," అన్నాడు కేంద్రం పార్టీ ఆయన.

"యాడిది? పైపు గూడా కేంద్రం లెక్కలోనే ఉండాది," అన్నాడు రెండో ఆయన.

"అట్లయితే కొట్లాడొద్దండప్పా, ట్యాంకు నాది," అని రెండు బోర్డుల మధ్య సున్నంతో నా పేరు రాశాను, వాళ్ల పేర్లకన్నా పెద్దగా.

గంటలో చెరో ప్లంబరును తీసుకొచ్చారు. నీళ్లొచ్చాయి. ఇందులో నా వాటా డబ్బాడు సున్నం.

ఇప్పుడు నా పేరు చెరిపేయమని ఇద్దరూ ఒక్క మాట మీద అడుగుతున్నారు. చెరపమంటారా?