మేకకు పైపళ్ళు ఉండవు

ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలు. కేబులు పొడవు వెయ్యీ నూట ఎనభై మీటర్లు. దారిలో తరిగిన వెలుతురు ఒకటిన్నర డెసిబెల్. ఈ మూడు అంకెలను ఆరేళ్ళుగా మోస్తున్నాను. మూడూ సరైనవే, తప్పు నాది.

మార్కాపురం దగ్గర ఒక కాలేజీలో నేను నెట్‌వర్క్ ఇంజనీరును. ప్రతిదీ మూడుసార్లు సరిచూస్తానని పేరు. ఆ పేరు కాపాడుకోవడానికే ఇదంతా చేశానా? అవును. మీ దగ్గర దాచేదేముంది.

మెయిన్ బ్లాకు నుంచి హాస్టల్ ల్యాబుకు లింకు ఇవ్వాలి. పాత ఫైబర్ కేబులులో పనికొచ్చే పోగు ఒక్కటే మిగిలింది. ఒకే పోగులో రెండు వైపులా మాట్లాడించాలంటే, ఒక చివరి స్విచ్చులోని మాడ్యూలు 1310 నానోమీటర్ల కాంతిని పంపి 1550ని అందుకోవాలి; రెండో చివరిది 1550ని పంపి 1310ని అందుకోవాలి. అంటే జత అన్నమాటే గానీ, రెండూ ఒకేలా ఉండకూడదు. ఇది నాకు తెలియదా? తెలుసు. పాఠం కూడా చెప్పాను. అయినా ఆ మాడ్యూళ్ళ కొనుగోలు ఉత్తరంలో "రెండూ అచ్చంగా ఒకేలా ఉండవలెను" అని రాసి, కింద గీత కూడా గీశాను. దుకాణం వాడు ఫోను చేసి, "సార్, రెండూ ఒకటేనా? ఒకసారి చూసుకోండి" అన్నాడు. "ఉత్తరం చదవడం రాదా?" అన్నాను.

పదకొండూ ఇరవైకి రెండు మాడ్యూళ్ళ లేబుళ్ళూ పక్కపక్కన పెట్టి చూశాను. రెండూ 1310నే పంపుతున్నాయి. రెండూ 1550 కోసం ఎదురుచూస్తున్నాయి. కేబులు నిక్షేపంగా ఉంది. వెలుతురు చేరుతోంది, అందుకునేవాళ్ళే లేరు.

పదకొండూ ముప్పై ఒకటికి కేబులు పోయే కాలేజీ కంచె దగ్గర నేనుంటే ప్రిన్సిపాల్ గారు వచ్చారు. "ఏమయ్యా, ఏంది ఆలస్యం? సోమవారం ఆన్‌లైన్ పరీక్ష!"

నిజం చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. కానీ కేబులు నేలపైకి తేలిన చోట, తొడుగు మీద గాట్లున్నాయి. పక్కనే ఒక మేక నిలబడి, నన్నే చూస్తూ నెమరు వేస్తోంది.

"మేక కొరికింది సార్."

అంత సులువుగా వచ్చింది మాట.

ఆ మేక చెన్నమ్మవ్వది. కాలేజీ పుట్టకముందు నుంచీ ఆ కంచె వెంట మేకలు మేపుకునే మనిషి. మధ్యాహ్నానికల్లా మేకను ఈడ్చుకుంటూ సర్వర్ గదికే వచ్చింది. ప్రిన్సిపాల్ గారూ అక్కడే ఉన్నారు.

"ఏంది నాయనా, నా మేక నీ తీగ కొరికిందంటివంట?"

"గాట్లున్నాయి అవ్వా." ఫోటో చూపించాను.

అవ్వ ఫోటోను కంటికి దగ్గరగా పట్టుకుని చూసింది. తరువాత మేక దవడ నొక్కి నోరు తెరిచింది.

"ఇప్పుడు నువ్వు చూడు. పైన ముందు పండ్లు ఉండాయా? ఏ మేకకూ ఉండవు. నీ తీగకేమో పైనా కిందా సమానంగా గాట్లు పడినాయి. ఇయి మేక పండ్లు కాదు నాయనా, కటింగ్ ప్లేయర్ పండ్లు. ఇంత సదివినావు, పండ్లు లెక్కబెట్టేది నేర్పలేదా?"

కేబులును కటింగ్ ప్లేయర్‌తో పట్టి గొట్టంలోంచి లాగింది నేనే. అవ్వ ఆ మాట అంటున్నప్పుడు కూడా అది నా జేబులోనే ఉంది.

"అవ్వా, దవడ బలమని ఒకటుంటుంది" అన్నాను. సిగ్గు లేకుండా అన్నాను. ప్రిన్సిపాల్ గారు తల ఊపారు.

అవ్వ ఆయన వైపు చూడలేదు, నన్నే చూసింది. "సరే నాయనా. నీకు తెలిసినట్లే రాసుకో."

రాసుకున్నాను. మేక ఫోటోతో సహా రెండు పేజీల నివేదిక. సరైన మాడ్యూలు నా డబ్బుతో తెప్పించి, శనివారం అందరూ భోజనానికి వెళ్ళినప్పుడు మార్చాను. లింకు వచ్చింది. గాట్ల మీద నల్ల టేపు చుట్టి "మరమ్మతు పూర్తి" అన్నాను. లోపల ఏ దెబ్బా లేని కేబులుకు కట్టు కట్టిన ఇంజనీరును నేనొక్కడినేనేమో. సభలో నన్ను మెచ్చుకున్నారు. పిల్లలు ఆ మేకకు "కేబులు" అని పేరు పెట్టారు. పిలిస్తే పలికేది కూడా.

కంచె వైపు మేకలు రాకూడదని కాలేజీ నిషేధం పెట్టింది. అవ్వ గుట్ట చుట్టూ తిరిగి అవతలి బీడుకు తోలుకుపోయేది. రెండేళ్ళకు మోకాళ్ళు మొరాయించి మేకలన్నీ అమ్మేసింది. మొన్న బస్టాండులో కనిపించి, "బాగుండావా నాయనా, తీగ బాగుందా?" అని అడిగింది. ఎగతాళా? నిజంగానే అడిగిందా? నిజం నోటిదాకా వచ్చింది. ఇంతలో యర్రగొండపాలెం బస్సు వచ్చింది, అవ్వ ఎక్కి వెళ్ళిపోయింది. బస్సు ఇంకో నిమిషం ఆగి ఉంటే చెప్పేవాణ్ణా? నమ్మకం లేదు. అందుకే ముందు మీకు చెప్పాను. ఊపిరి కాస్త తేలికగా ఆడుతోంది, అంతే. క్షమించవలసింది మీరు కాదని తెలుసు.

వాడని మాడ్యూలు: ఒకటి, నా సొరుగులో ఉంది.
మేకలకు భయపడి కేబులుకు తొడిగించిన ఇనుప గొట్టం: వెయ్యీ నూట ఎనభై మీటర్లు.
అవ్వ అదనంగా నడిచిన దూరం: రోజుకు నాలుగు కిలోమీటర్లు, రెండేళ్ళు.
అవ్వ అమ్ముకున్న మేకలు: తొమ్మిది.
మేక వల్ల కేబులుకు జరిగిన నష్టం: సున్నా.